నాన్నగారి డైరీ, ఆగిపోయిన సిమ్ము

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలనే రాసి, అవసరమైన చోట వాక్యాలు కాస్త సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఎడమవైపు బల్లలు ఖాళీగానే ఉన్నాయి. ఫోన్లు చేతిలోనే ఉంచుకోండి. మామూలుగా మీటింగుల్లో ఫోన్లు జేబులో పెట్టుకోమంటారు. ఇవాళ వాటితోనే మనకి పని.

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. రిటైరయ్యాక స్మార్ట్‌ఫోన్ కొనుక్కున్నారు. ఆయన దగ్గర ఒక పాత డైరీ ఉండేది. అందులో కరెంటు మీటరు సర్వీసు నంబరు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, ఎల్‌ఐసీ పాలసీల నంబర్లు, ఒక్కోదాని పక్కన ఎర్ర ఇంకుతో దాని పాస్‌వర్డు. నేను 22 ఏళ్ళు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. ఆ డైరీ చూసినప్పుడల్లా ఆయన మీద కోప్పడేవాళ్ళలో నేనే ముందు. "పాస్‌వర్డులు ఎవరైనా కాగితం మీద రాస్తారా నాన్నా?" అనేవాళ్ళం. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆయన పోయాక ఆ డైరీయే మమ్మల్ని ఆదుకుంది. అమ్మకి కరెంటు బిల్లు ఎలా కట్టాలో, ఏ పాలసీ ఎక్కడుందో అన్నీ అందులోనే దొరికాయి. ఒక్కటి మాత్రం తెరుచుకోలేదు, ఆయన ఈమెయిలు. డైరీలో పాస్‌వర్డు ఉంది, అది సరైనదే. కానీ ఆసుపత్రి హడావిడిలో ఆయన ఫోన్ పోయింది. మేము వేరే ఫోన్‌లోంచి తెరవబోతే, ఇది కొత్త ఫోను కాబట్టి మీ నంబరుకి కోడ్ పంపుతాను అంది. ఏ నంబరుకి? ఆయన మొదట్లో వాడిన పాత నంబరుకి. రెండు సిమ్ములెందుకని రీఛార్జి మానేస్తే అది ఎప్పుడో ఆగిపోయింది. మేము ఆ నంబరుకి ఫోన్ చేశాం. ఎవరో కుర్రాడు ఎత్తాడు. నంబరు అప్పటికే అతనికి ఇచ్చేశారు.

ఒక కోడ్ వస్తుంది, చదివి చెప్పు బాబూ అని అడగాలనిపించింది. నోరు రాలేదు. తెలియనివాళ్ళు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దని అందరికీ చెప్పే నేను, ఆ కుర్రాణ్ణి ఎలా అడగను? పైగా ఆ క్షణంలో నాకు ఇంకో సంగతి తట్టింది. నాన్నగారి ఖాతాల తాళం ఆ కుర్రాడి జేబులో ఉంది. అతనికి ఆ సంగతి తెలియదంతే. ఆ మెయిలుతో పాటు పదకొండేళ్ళ ఫోటోలు ఉన్నాయి. మనవరాలు మొదటిసారి నిలబడ్డప్పుడు తీసినవి కూడా అందులోనే ఉండిపోయాయి.

అందుకే ఇవాళ కష్టమైన పాస్‌వర్డు ఎలా పెట్టుకోవాలన్న దగ్గర మొదలుపెట్టడం లేదు. చెట్టుకి తల్లివేరు ఉన్నట్టు మన ఖాతాలన్నిటికీ ఒక తల్లివేరు ఉంటుంది. అదెక్కడుందో ముందు చూద్దాం.

మీ బ్యాంకు యాప్ పాస్‌వర్డు మర్చిపోయారనుకోండి, కోడ్ ఫోన్ నంబరుకి వస్తుంది. షాపింగ్ యాప్‌ది మర్చిపోతే మెయిలుకి లింకు వస్తుంది. ఆ మెయిలు పాస్‌వర్డే మర్చిపోతే? మళ్ళీ ఫోన్ నంబరుకే. ఫోన్ పోతే? డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. డూప్లికేట్ సిమ్ ఎవరికిస్తారు? ఆ సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్ళకి, వాళ్ళ ఆధార్ చూసి. ఇప్పుడు అడుగుతున్నాను, మీ సిమ్ మీ పేరునే ఉందా? అమ్మా, మీది? అబ్బాయి పేరున. అబ్బాయి ఎక్కడుంటాడు? బెంగళూరులో. అంటే మీ ఫోన్ ఇవాళ బస్సులో పోతే, మీ పెన్షన్ ఖాతా, మీ మెయిలు, మీ వాట్సాప్ అన్నీ మీ అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేదాకా ఆగాలి. మన ఇళ్ళలో ఆడవాళ్ళ సిమ్ములు చాలావరకు భర్త పేరునో కొడుకు పేరునో ఉంటాయి. కొన్నప్పుడు ఎవరి ఆధార్ చేతిలో ఉంటే వాళ్ళ పేరున తీసుకున్నాం. దాన్ని మార్చుకోవచ్చు. సిమ్ కంపెనీ షాపుకి ఇద్దరూ ఆధార్‌లతో వెళ్ళి పేరు మార్పు అడగండి. ఆ కొడుకు దసరాకో సంక్రాంతికో వచ్చినప్పుడు చేయించాల్సిన మొదటి పని ఇదే. మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో చూసుకోవడానికి టెలికాం శాఖ 2023లో సంచార్ సాథీ పోర్టల్ తెచ్చింది. అందులో మీకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

ఆగిపోయిన నంబర్ల సంగతి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల పాటు కొత్తవారికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చు. పాత నంబరులోని తమ సమాచారాన్ని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్తలు ఆ నంబరు వాడినవారే తీసుకోవాలని కోర్టు అంది. 90 రోజులంటే మూడు నెలలు. మన అమ్మానాన్నలు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తే ఆరు నెలలుంటారు. వెళ్ళేముందు ఇక్కడి నంబరుకి రీఛార్జి వేయించి వెళ్ళండి. నంబరు వదిలేయాలనుకుంటే, ముందు అది ఏయే ఖాతాల్లో ఉందో చూసి మార్చుకున్నాకే వదలండి. బ్యాంకు, ఆధార్, మెయిలు, వాట్సాప్, గ్యాస్, వరసగా ఒక కాగితం మీద రాసుకుంటే మర్చిపోరు.

ఇక పాస్‌వర్డు దగ్గరికి వద్దాం.

కంప్యూటర్‌కి పాస్‌వర్డు పెట్టడం 1960ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్ళు వాళ్ళకే ఉండాలని తలా ఒక పాస్‌వర్డు ఇచ్చారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలలేదు. పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును ప్రింటు తీయమని ఆ కంప్యూటర్‌నే అడిగాడు, అది తీసి ఇచ్చింది. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ పాస్‌వర్డులు పోగొట్టుకున్నవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు ఎంత కష్టమైనది పెట్టుకున్నా పోయేదే, ఎందుకంటే పోయింది దాచినవాడి దగ్గర. అరవై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ అదే జరుగుతోంది. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడ్డాయి. ఆ కంపెనీ వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, చదవడానికి వీలుగా దాచుకుంది. అందులో 123456 అని పెట్టుకున్నవాళ్ళు దాదాపు 2 లక్షల 90 వేల మంది.

సరిగ్గా దాచే పద్ధతి ఒకటుంది. మన రోలు పచ్చడితో పోల్చి చెబుతాను. మామిడికాయ, మిరపకాయలు, ఆవాలు వేసి నూరాక ఆ పచ్చడిలోంచి మళ్ళీ మామిడికాయను బయటికి తీయలేం కదా. మంచి కంపెనీ మీ పాస్‌వర్డును అలా నూరేసి ఆ పచ్చడినే దాచుకుంటుంది. మీరు మళ్ళీ లాగిన్ అయినప్పుడు, మీరిచ్చినదాన్ని అలాగే నూరి రెండు పచ్చళ్ళూ ఒకటేనా అని చూస్తుంది. అయితే ఒక చిక్కుంది. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే రెండు పచ్చళ్ళూ ఒకేలా ఉంటాయి. దొంగ కూర్చుని తెలిసిన పాస్‌వర్డులన్నీ నూరి పెట్టుకుని పోల్చుకుంటాడు. దానికి విరుగుడుగా ఒక్కొక్కరి పచ్చడిలో వేరువేరుగా ఉప్పు కలుపుతారు. ఆ పద్ధతికి ఇంజనీర్లు పెట్టిన పేరు కూడా సాల్టే. 2012లో లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగాల సైటు నుంచి పోయిన పాస్‌వర్డులు నూరినవే, కానీ ఉప్పు వేయనివి. 2016లో అవి 11 కోట్ల 70 లక్షలుగా బయట అమ్మకానికి వచ్చాయి.

మీరు ఖాతా తెరిచిన చోట వాళ్ళు నూరుతున్నారో లేదో, ఉప్పు వేస్తున్నారో లేదో మీకు బయటి నుంచి కనిపించదు. పుట్టినరోజు కేకు కొన్న వెబ్‌సైటు, ఏదో పోటీ పరీక్షకి మాక్ టెస్టులు రాసిన సైటు, వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. అక్కడ పెట్టిన పాస్‌వర్డే మీ మెయిలుకి కూడా ఉంటే? దొరికిన మెయిలు ఐడీ, పాస్‌వర్డు జతలను దొంగలు మిగతా సైట్లన్నిటిలో వేసి చూస్తారు. చేత్తో కూడా కాదు, ప్రోగ్రామ్ పెట్టి. కాబట్టి మీరు తీసుకోగలిగిన జాగ్రత్తల్లో అన్నిటికంటే పెద్దది, ఒకచోట పెట్టింది ఇంకోచోట పెట్టకపోవడం. దానితో పోలిస్తే స్టారు గుర్తు పెట్టారా, హ్యాష్ గుర్తు పెట్టారా అన్నది చాలా చిన్న సంగతి. మీ మెయిలు ఇలాంటి లీకుల్లో ఉందో లేదో చూసుకోవడానికి ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013లో హావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైటు పెట్టారు. మెయిలు ఐడీ ఇస్తే చాలు, దానికి పాస్‌వర్డు అడగరు. మెయిలు ఐడీతో పాటు పాస్‌వర్డు కూడా అడిగితే అది ఆ సైటు కాదని తెలుసుకోండి.

పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి పెట్టాలన్న నియమం మనందరికీ బాగా అలవాటైపోయింది. ఆ నియమాల వల్ల ఏం జరిగిందో చూడండి. మన ఊళ్ళో సగం పాస్‌వర్డులు పేరు, ఎట్ గుర్తు, 123. పేరులో మొదటి అక్షరం పెద్దది. నియమాలన్నీ పాటించినట్టే, కానీ ఊహించడం చాలా తేలిక. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున ఇలాంటి సలహాలు రాసిన బిల్ బర్ర్, రాసినదాంట్లో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో స్వయంగా చెప్పారు. ఆ సంవత్సరమే నిస్ట్ కొత్త సలహాలిచ్చింది. పొడవుగా ఉండనివ్వండి, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించకండి అంది. మూడు నెలలకోసారి మార్చమంటే మనుషులు చివరి 1ని 2 చేస్తారు, తర్వాత 3. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చూసింది అదే.

పొడవు అంటే ఎలా? నాలుగైదు తెలుగు మాటలు తీసుకోండి, ఒకదానికొకటి సంబంధం లేనివి. చిలక, గానుగ, పదిహేడు, తాటాకు. ఇంగ్లిషు అక్షరాల్లో వరసగా రాయండి. ఇప్పుడు నేను చెప్పినవి మాత్రం పెట్టుకోవద్దు, ఇక్కడున్న అందరూ విన్నారు. వేమన పద్యం పాదమూ వద్దు, పాట పల్లవీ వద్దు. మీకు కంఠతా వచ్చింది పక్కవాళ్ళకీ వస్తుంది. లెక్క ఇష్టమైనవాళ్ళ కోసం ఒక మాట. ఆరు ముఖాల పాచికను ఐదుసార్లు వేస్తే 7,776 రకాలుగా పడొచ్చు. 7,776 మాటల జాబితా ఒకటి పెట్టుకుని, పాచికలు చెప్పిన మాట తీసుకునే పద్ధతి 1995 నుంచి ఉంది, డైస్‌వేర్ అంటారు. అలా నాలుగు మాటలు తీస్తే 3,600 లక్షల కోట్లకు పైగా జతలు సాధ్యం. ఐదారు మాటలైతే ఇంకా మంచిది. మాటలు మీరు ఎంచుకోకుండా పాచిక ఎంచడంలోనే దాని బలమంతా ఉంది. మనం ఎంచుకుంటే మనవరాలి పేరే వస్తుంది.

ఇలాంటివి వంద ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఎవరూ పెట్టుకోలేరు. మూడు గుర్తుంటే చాలు. ఫోన్ తెరిచే పిన్, మెయిలు పాస్‌వర్డు, పాస్‌వర్డులన్నీ దాచే యాప్ అయిన పాస్‌వర్డు మేనేజర్‌ది. మిగతావన్నీ మేనేజరే పుట్టించి, అదే దాచి, అదే నింపుతుంది. మీకు ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్ ఉన్న ల్యాప్‌టాప్ మాత్రమే ఉంటే గూగుల్‌దే సరిపోతుంది. అన్నీ ఆపిల్‌వే అయితే 2024 నుంచి పాస్‌వర్డ్స్ అని విడిగా యాప్ ఉంది. ఇంట్లో ఒకరిది ఐఫోన్, ఒకరిది ఆండ్రాయిడ్, ల్యాప్‌టాప్ విండోస్ అయితే బిట్‌వార్డెన్ లాంటిది అన్నిట్లోనూ నడుస్తుంది.

ఒకచోటే అన్నీ పెడితే ఆ ఒక్కటీ పోతే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ కంపెనీలో దొంగలు పడి, వినియోగదారుల పాస్‌వర్డు పెట్టెల నకళ్ళనే ఎత్తుకెళ్ళారు. ఆ పెట్టెలకి తాళాలున్నాయి. ప్రధాన పాస్‌వర్డు పొడవుగా ఉన్నవాళ్ళ పెట్టెలు తెరవడం చాలా కష్టం, పొట్టిగా ఉన్నవాళ్ళవి తెరవడం తేలిక. అందుకే ఆ ఒక్క పాస్‌వర్డు విషయంలో బద్ధకించకండి. ఇంత జరిగినా నేను మేనేజర్‌నే వాడమంటాను. దానికి కారణం దాచిపెట్టడం కంటే ఇంకొకటి. మేనేజర్ సైటు పేరును అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. బ్యాంకు సైటులాగే కనిపించే దొంగ సైటుకి మీరు వెళ్ళినా, మీ కళ్ళు మోసపోయినా, అది మోసపోదు. పాస్‌వర్డు నింపదు. రోజూ తనంతట తను నింపేది ఇవాళ నింపలేదంటే చేత్తో టైపు చేయకండి. ఆగి, పైన అడ్రసు చదవండి.

ఫోన్ పిన్ గురించి ఒక్క మాట. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే ఉంటున్నాయి కాబట్టి ఆ పిన్ ఇంటి సింహద్వారం లాంటిది. నాలుగంకెలు వద్దు, ఆరు పెట్టండి. గీత గీసే ప్యాటర్న్ పక్కనున్నవాళ్ళకి తేలిగ్గా కనబడిపోతుంది. అదే పిన్ యూపీఐకి, ఏటీఎంకి పెట్టకండి. పిల్లలు ఆటల కోసం అడిగితే మీరే తెరిచి ఇవ్వండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చెబుతాను. ఇక్కడ పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీ అబ్బాయి భారతదేశపు నంబరు సిమ్ము ఎవరి దగ్గరుంది? మీ దగ్గరే. అతనికి ఇక్కడి బ్యాంకులో పనిబడితే మీకు ఫోన్ చేసి, "నాన్నా, ఒక ఓటీపీ వస్తుంది, చదవండి" అంటాడు. మీరు కళ్ళజోడు వెతుక్కుని ఆరంకెలు చదువుతారు. నెలకి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి. పేపర్లో ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ప్రకటన వస్తుంది, టీవీలో వస్తుంది, కొన్నాళ్ళు ఫోన్ చేస్తే రింగుకి ముందు కూడా వచ్చింది. కానీ ఇంట్లో మనమే మన పెద్దవాళ్ళకి ఫోన్‌లో అడిగితే ఓటీపీ చదవడం నేర్పించాం. ఆ తర్వాత ఒకరోజు ఎవడో "అంకుల్, మీ అబ్బాయి ఫ్రెండ్‌ని, వాడు పనిలో ఉన్నాడు, కోడ్ చెప్పమన్నాడు" అంటే చెప్పేస్తారు. మోసపోయాక ఆ పెద్దాయన్ని పిల్లలే తిడతారు. నాకది చాలా బాధగా ఉంటుంది. ఆయన తప్పేముంది? మనం నేర్పిన పనే ఆయన చేశాడు.

విదేశాల్లో ఉన్న పిల్లలకి నా మనవి. మీ సిమ్ము మీతోనే తీసుకెళ్ళండి. అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుంటే మెసేజీలు అక్కడికే వస్తాయి. బ్యాంకు విదేశీ నంబరు ఒప్పుకుంటే అదే ఇవ్వండి. మెయిలు, ఇతర ఖాతాలకైతే ఎస్‌ఎంఎస్ మానేసి, ఫోన్‌లోనే కోడ్ పుట్టించే అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. ఎంత అవసరమొచ్చినా సరే, నాన్నను ఓటీపీ అడగకండి. మా ఇంట్లో ఇప్పుడు ఒక్కటే నియమం. అమ్మ ఓటీపీ ఎవరికీ చదవదు, నాకు కూడా. నేను అడిగినా చెప్పొద్దని నేనే చెప్పాను. ఒకసారి నిజంగా అవసరమొచ్చి అడిగాను, చెప్పలేదు. ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నాకెంత నిశ్చింతగా అనిపించిందో.

అథెంటికేటర్ యాప్ ఎలా పనిచేస్తుందని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య మీ ఫోన్‌కి, ఆ సైటుకి ఇద్దరికీ తెలుస్తుంది. తర్వాత రెండు వైపులా ఆ రహస్యాన్నీ గడియారంలోని సమయాన్నీ కలిపి ఆరంకెలు లెక్కకడతాయి. మామూలుగా 30 సెకన్లకోసారి మారతాయి. నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ పోయినా ఆగదు. ఎస్‌ఎంఎస్ కంటే ఇది మేలని ఎందుకంటానంటే, వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో ఏపీకే ఫైళ్ళు, అంటే ఆండ్రాయిడ్ యాప్‌లు, వస్తున్నాయి. తెలియక ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులిస్తే అది మీ ఎస్‌ఎంఎస్‌లు చదివి దొంగకి పంపుతుంది. శుభలేఖ ఫోటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. యాప్‌గా ఎప్పుడూ రాదు. ఇంకో దారిలో, దొంగ మీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీస్తాడు. సిగ్నల్ బాగా ఉండే చోట మీ ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ మొత్తం పోయి గంటసేపు రాకపోతే, వేరే ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

అయితే అథెంటికేటర్ ఉన్న ఫోన్ పోతే? అక్కడే, ముందే తీసి పెట్టుకునే బ్యాకప్ కోడ్‌లు అక్కరకొస్తాయి. గూగుల్ అయితే 10 కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి, పొలం పాస్‌పుస్తకాలు, ఇంటి దస్తావేజులు ఉండే బీరువాలో పెట్టండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి. అవునండీ, ఇప్పుడు నేనే కాగితం మీద రాయమంటున్నాను. మా నాన్నగారి డైరీ విషయంలో నాది తప్పు. రష్యాలోనో ఇంకెక్కడో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. డైరీని టీవీ పక్కన పెట్టడం తప్పు గానీ, రాయడం తప్పు కాదు.

పాస్‌కీ అని కొన్ని యాప్‌లు ఈమధ్య అడుగుతున్నాయి, గమనించారా? 2022లో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ దీనికి కలిసి ముందుకొచ్చాయి. ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పాస్‌వర్డే లేదు. మీ ఫోన్ ఒక జత తాళంచెవులు తయారుచేస్తుంది. ఒకటి సైటుకి ఇస్తుంది, అది బయటికి తెలిసినా నష్టం లేదు. రెండోది సైటుకి ఎప్పుడూ వెళ్ళదు, మీ ఫోన్‌లోనో మీ మేనేజర్‌లోనో ఉంటుంది. లాగిన్ అయ్యేటప్పుడు సైటు ఒక కొత్త ప్రశ్న పంపుతుంది, మీరు వేలిముద్ర వేస్తే ఫోన్ రెండో తాళంచెవితో దానికి సంతకం పెట్టి పంపుతుంది. సైటులో దొంగలు పడినా వాళ్ళకి దొరికేది పనికిరాని మొదటిదే. మీరు ఫోన్‌లో ఎవరికీ చదివి చెప్పలేరు కూడా, చదవడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి. పెద్దవాళ్ళకి ఇది పాస్‌వర్డు కంటే తేలిక. మీ గూగుల్ ఖాతాకి, వాట్సాప్‌కి పెట్టుకోవచ్చు. మీ సొంత ఫోన్‌లోనే పెట్టుకోండి, పదిమంది వాడే కంప్యూటర్‌లో వద్దు.

పదిమంది వాడేవంటే గుర్తొచ్చింది, నెట్ సెంటర్లు. ఇంటర్ పిల్లలు వినండి. మీలో ఎంతమంది మెయిలు నెట్ సెంటర్ అన్న తెరిచి ఇచ్చాడు? పాస్‌వర్డు కూడా అతనే పెట్టాడు, పాస్‌వర్డు మర్చిపోతే కోడ్ వచ్చే రికవరీ నంబరు తొందరలో తనదే ఇచ్చాడు. అతను మంచివాడే. కానీ ఆ మెయిలుతోనే రేపు మీ ఈఏపీసెట్, స్కాలర్‌షిప్, ఉద్యోగం దరఖాస్తు అన్నీ నడుస్తాయి. అతను షాపు మూసేసి హైదరాబాద్ వెళ్ళిపోతే ఎక్కడ వెతుకుతారు? కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే లాగిన్, పాస్‌వర్డు, దానికొచ్చే ఓటీపీ మీ దగ్గర మాత్రమే ఉండాలి. కాలేజీ తరఫున వచ్చి మేము పెట్టిపెడతామన్నవాళ్ళకి ఇవ్వకండి. మీరు రాత్రి నిద్రపోయాక ఆప్షన్ల వరస మార్చడానికి వాళ్ళకి అయిదు నిమిషాలు చాలు, మీకది నాలుగేళ్ళ చదువు. జిరాక్స్ షాపులో ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ తెరిస్తే, బయటికొచ్చే ముందు మీ ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి ఆ కంప్యూటర్‌ను తీసేయండి. షాపులో ట్యాబ్ మూసేస్తే లాగౌట్ అయినట్టు కాదు.

పాత ఫోన్లదీ అదే కథ. ఎక్స్ఛేంజిలో ఇచ్చే ముందు ఖాతాల నుంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద మీ ఖాతా తెరిచి ఉన్న ఫోన్లన్నీ కనిపిస్తాయి. మూడేళ్ళ కిందట బంధువులకి ఇచ్చేసిన ఫోన్ అక్కడ ఇంకా ఉంటుంది. తీసేయండి.

ఎవరైనా మెయిలులో దూరారని అనుమానం వస్తే ముందు మెయిలే చూసుకోండి, మిగతావి తర్వాత. పాస్‌వర్డు మార్చి, తెలియని పరికరాలన్నీ తీసేసి, రికవరీ నంబరు, రికవరీ మెయిలు మీవేనా చూసి, మీ మెయిళ్ళు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అయ్యేలా ఎవరైనా పెట్టారేమో కూడా చూడండి. చాలామంది ఈ చివరిది మర్చిపోతారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి వెళ్ళిపోకముందే ఆపగలిగితేనే దొరికే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకోకండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి మాస్టారూ.

(సభికుల్లోంచి ప్రశ్న: మేము పోయాక ఇవన్నీ పిల్లలకి ఎలా చేరతాయి?)

మా ఇంట్లో ఆలస్యంగా అడిగిన ప్రశ్న ఇది. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది. ఇన్ని నెలలు నేను ఖాతా తెరవకపోతే ఫలానా వాళ్ళకి చెప్పు, నా ఫోటోలు వాళ్ళకివ్వు అని ముందే రాసిపెట్టొచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా గడువు మీ ఇష్టం, పదిమంది దాకా పేర్లివ్వొచ్చు. ఇది చేయకపోతే, రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాని గూగుల్ తీసేయవచ్చు, ఫోటోలతో సహా. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అంటారు. దానికి ఒక తాళంచెవి లాంటి కోడ్ ఇస్తుంది, ప్రింటు తీసి వాళ్ళకివ్వండి. బ్యాంకు డబ్బుకి మాత్రం ఇది దారి కాదు మాస్టారూ, దానికి నామినీ పేరే కావాలి. మీ పాస్‌వర్డుతో మీ పిల్లలు మీ తర్వాత డబ్బు తీయకూడదు, చట్టపరంగా చిక్కులొస్తాయి.

లైబ్రేరియన్‌గారు టైమైందని సైగ చేస్తున్నారు. నేను ఈ బల్ల దగ్గరే ఆరింటిదాకా కూర్చుంటాను. మీ ఫోన్‌లో మెయిలు సెట్టింగ్స్ తెరిచి రికవరీ నంబరు మాత్రం చూపించండి, పాస్‌వర్డు నాకు చెప్పొద్దు, నా ముందు టైపు కూడా చేయొద్దు. అది పాత నంబరైతే ఇప్పుడే, ఇక్కడే మార్చుకుని వెళ్దురుగాని. ముందు అమ్మగారు రండి, మీ సిమ్ బెంగళూరు అబ్బాయి పేరున ఉందన్నారు కదా.